తెలంగాణ సోన: రకం, విధానం, జనాభిప్రాయం
సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఒక పరిశీలన

సాగర్ ఎడమ కాలువ కింద కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాలలో సన్నవరి అంటే చిరకాలం సాంబ మసూరియే. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ బి.పి.టి. 5204 అన్నానికి ఎంత రుచో, పొలంలో అంత సుకుమారం. దాదాపు 150 రోజుల పంట. అగ్గి తెగులుకు సులువుగా లొంగుతుంది. కాలువ నీరు ఆలస్యమైన ఏడు నాట్లు వెనుకబడి, పూత దశ చలికి చిక్కుతుంది. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం ఎం.టి.యు. 1010ను జె.జి.ఎల్. 3855తో సంకరపరచి రూపొందించిన ఆర్.ఎన్.ఆర్. 15048, అనగా తెలంగాణ సోన, ఈ రెండు ఇబ్బందులకూ సమాధానమైంది. 125 రోజులలో కోతకు వస్తుంది, అగ్గి తెగులును తట్టుకుంటుంది. మిగిలే 25 రోజుల విలువ ఆయకట్టు చివరి భూముల రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే పట్టణ వినియోగదారుడు ఈ రకాన్ని గుర్తించింది దీని కాలపరిమితిని చూసి కాదు. ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అన్న పేరు విని. విస్తరణ శాస్త్రవేత్తలు అత్యంత జాగ్రత్త వహించవలసినది ఇక్కడే.

గ్లైసీమిక్ సూచిక అనే భావనను 1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం ప్రతిపాదించింది. 50 గ్రాముల జీర్ణయోగ్య పిండిపదార్థం గల ఆహారాన్ని కొందరు ఆరోగ్యవంతులకు ఇచ్చి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర పెరుగుదలను కొలుస్తారు. గ్లూకోజుకు 100 అనుకుంటే, 55 లేదా అంతకు తక్కువ వచ్చినది తక్కువ సూచిక గల ఆహారం. తెలంగాణ సోనకు 51 పైచిలుకు నమోదైంది. ఇది నిజమైన సుగుణమే. కానీ సూచిక వేగాన్ని చెబుతుంది, పరిమాణాన్ని చెప్పదు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. సూచిక 70 ఉన్న బియ్యం 100 గ్రాములు వండుకు తింటే గ్లైసీమిక్ భారం 55 వరకు ఉంటుంది. ‘మనకు ఫరవాలేదు’ అని సూచిక 51 ఉన్న బియ్యం 150 గ్రాములు తింటే అది 60కి చేరుతుంది! మధుమేహ రోగి ఇంట ఈ లెక్క చెప్పకుండా బియ్యం పేరు మాత్రమే చెప్పడం సగం సత్యం.

ఆస్ట్రేలియా అనుభవం ఇక్కడ ఉపయుక్తం. న్యూ సౌత్ వేల్స్‌లో రూపొందిన దూంగరా అనే అధిక అమైలోజ్ వరి రకానికి సిడ్నీ శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన అధ్యయనంలో సూచిక 64 వచ్చింది. అక్కడి సాధారణ రకం కాల్‌రోజ్‌కు 83. ముడిబియ్యానికి, పాలిష్ బియ్యానికి మధ్య అందులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మన శిక్షణ తరగతులలో ఈ మాట చాలామందికి రుచించదు. తరువాతి పరీక్షలలో దూంగరాకే 50ల నడుమ విలువలు వచ్చాయి. అనగా సూచిక రకానికి పుట్టుమచ్చ వంటిది కాదు. వండిన తీరు, పరీక్షించిన తీరును బట్టి మారుతుంది. అందుకే ఆ దేశం 2007లో కొలిచే పద్ధతికి ఒక జాతీయ ప్రమాణం ఏర్పరచింది. పరీక్షకు నిలిచిన ఆహారపు పొట్లంపై ముద్ర వేసే ధ్రువీకరణ విధానం అంతకు ముందు నుంచే ఉంది. పొట్లంలో ఉన్నది ఆ రకమేనన్న భరోసా లేనిదే అటువంటి ముద్రకు అర్థం లేదు.

మన విధానం వేరే దారిన నడిచింది. 2020 వానాకాలంలో నియంత్రిత సాగు పేరిట ప్రభుత్వం తెలంగాణ సోనను ప్రోత్సహించింది. ఆ కోతల సమయంలోనే మిర్యాలగూడ మిల్లుల వద్ద సన్నవడ్ల రైతులు టోకెన్ల కోసం బారులు తీరవలసి వచ్చింది. ఇక్కడ కోత యంత్రం నుంచి పచ్చి వడ్లు నేరుగా ట్రాక్టరులో మిల్లుకు చేరుతాయి; అన్నీ ఒకేసారి వస్తే ఆరబెట్టే సామర్థ్యం చాలదు. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లోనే చౌక ధరల దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీ ప్రారంభమైంది. రెండూ రైతుకు, పేదకు మేలు చేసేవే. కానీ బోనస్‌కు కొలమానం గింజ పొడవు, వెడల్పు. కొలత సాధనానికి సన్నగింజ తెలుస్తుంది గాని సూచిక తెలియదు. తెలంగాణ సోనను శుద్ధంగా పండించిన రైతుకు, నాలుగు సన్నరకాలు కలిపి తెచ్చిన రైతుకు ఒకే ధర పలుకుతున్నప్పుడు రకాన్ని వేరుగా కాపాడే ఓపిక ఎవరికి ఉంటుంది? కల్తీ బియ్యం తిన్న రోగికి చక్కెర తగ్గకపోతే నింద పడేది రకం మీద, దాన్ని సిఫారసు చేసిన మన మీద.

కనుక సూర్యాపేట జిల్లాకు గడ్డిపల్లి, నల్లగొండ జిల్లాకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఊరికి ఒక రకం చొప్పున రైతు ఉత్పత్తిదారుల సంఘాలను కూడగట్టి, మిల్లుతో ముందే ఒప్పందం కుదిర్చి, రకం పేరుతోనే బియ్యం అమ్మించే ప్రయత్నం చేయాలని నా అభిప్రాయం. చిన్న స్థాయిలోనైనా ఇది బోనస్ కంటే నిలకడైన ఆదాయం కాగలదు. ఇందుకు ధ్రువీకృత విత్తనం వాడాలి. విత్తన క్షేత్రమైతే ఇతర రకాలకు కనీసం 3 మీటర్ల ఎడం ఉంచి, పూత దశలోను, కోతకు ముందు కేళీలు ఏరివేయాలి. అన్నిటికంటే ఎక్కువ కలగలుపు జరిగేది కోత యంత్రంలోనే. అంతకు ముందు అది ఏ రకం కోసిందో అడిగి, తొట్టి పూర్తిగా ఖాళీ చేయించిన తరువాతనే మడిలోకి దింపాలి.