ఏనుగు జాడ

గౌతమీ తీరమునగల జొన్నాడ పిల్లలు వేకువనే ఇసుకలోనికి పోయినయెడల, రాత్రి అటు నడచినది నక్కయో కుక్కయో జాడను చూచి చెప్పగలరు. చిత్తూరు జిల్లాలో అడవి ఏనుగులను లెక్కించు అటవీ సిబ్బంది నేర్చుకొను విద్యయు ఇట్టిదే. అయితే అందు పొరపాటునకు మూల్యము ఎక్కువ.

సుమారు రెండు వందల ఏండ్లు ఏనుగులు లేని ఆ ప్రాంతమునకు, 1980 తరువాతి సంవత్సరములలో తమిళనాడు, కర్ణాటక అడవులనుండి గుంపులు తరలివచ్చినవి. 1990లో పలమనేరు, కుప్పము పరిసరములలో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఏనుగునకు రాష్ట్రముల పొలిమేరలు తెలియవు గదా! నేడిచ్చట చూచిన గుంపు రేపు హోసూరు వైపున ఉండవచ్చును. ఇరువైపులవారును లెక్కించినచో ఒక గుంపు రెండగును. అందుచేత 2017 మే నెలలో దక్షిణ రాష్ట్రములు ఏకకాలమున గణన జరిపినవి.

శిక్షణలో ముందుగా అడుగులను చూపుదురు. ముంగాలి జాడ గుండ్రముగను, వెనుకకాలి జాడ కోలగను ఉండును. ముంగాలి జాడ చుట్టుకొలతను రెట్టింపు చేసిన, భుజమువద్ద ఏనుగు ఎత్తు ఇంచుమించుగా తెలియును. నాలుగడుగుల చుట్టుకొలత ఉన్నచో ఎనిమిది అడుగుల ఏనుగన్నమాట! నమ్మనివారు మావటివానిని అడిగి చూడవచ్చును. పొడుగైన దంతములున్నది మగదే. కాని దంతములు లేనంతమాత్రమున ఆడదనరాదు. దంతములు లేని మగ ఏనుగులును కలవు. చెవి అంచున చినుగులను, తోక కుచ్చును బొమ్మగా గీసికొన్నచో అదే ఏనుగును మరల గుర్తింపవచ్చును.

పొదలలో దాగిన ఏనుగును లద్దె పట్టియిచ్చును. సిబ్బంది తిన్నని గీతవెంట నడచుచు, లద్దె కుప్పలెన్ని, అవి గీతకెంత దూరమున ఉన్నవి వ్రాసికొందురు. ఏనుగు దినమునకెన్నిసార్లు లద్దె వేయును, అది ఎన్నాళ్లకు చెదరిపోవును అనునవి తెలిసినచో సంఖ్యను గణింపవచ్చును. 2025లో వెలువడిన దేశపు లెక్కకు 21 వేలకు పైగా లద్దె నమూనాలను డి.ఎన్.ఎ. పరీక్షకు సేకరించిరి. ఏనుగులు 22,446 అని తేలినది. 2017 లెక్క 27,312. ఐదువేలు నశించినవని తొందరపడరాదు. కొలత మారినది, కావున ఈ రెండు సంఖ్యలు పోల్చదగినవి కావు.

సాయంకాలమున అటవీ రక్షకుడు సమీప గ్రామములకు కబురు పంపును. పొదలోనికి పోయినవి ఆరు కనబడి, వెనుక కొమ్మలు విరిగిన చప్పుడు వినబడినచో, పుస్తకమున ఆరు అనియే వ్రాసి, చప్పుడును వేరుగా వ్రాయవలెను. ఆ రాత్రి పొలమునకు కావలి పోవు రైతు, ఆ రెండు మాటలను విని ఇంటనే ఉండవలెనో, పోవలెనో నిర్ణయించుకొనును.