నీటిలోనూ ఊడని దారం

సముద్రపు ఒడ్డున రాళ్ల మీద గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉండే ఆకుపచ్చని చిప్పలను మనలో కొందరు చూసే ఉంటారు. వాటిని మస్సెల్స్ అంటారు. ఆల్చిప్పల్లాగే ఇవి కూడా రెండు చిప్పల మధ్య బతికే మెత్తని జీవులు. విశాఖపట్నం తీరంలో ఇవి ఉన్నాయి. కేరళలో వీటిని కల్లుమ్మక్కాయ అని పిలుస్తారు. పగలూ రాత్రీ అలలు కొడుతున్నా ఇవి ఎందుకు కొట్టుకుపోవు? ఆ సంగతి తెలుసుకుందాం.

మస్సెల్‌కు నాలుకలా బయటికి చాచగల ఒక పాదం ఉంటుంది. ఆ పాదం అడుగున పొడవునా ఒక సన్నని గాడి ఉంటుంది. మస్సెల్ పాదం కొనను రాయికి ఆనించగానే, పాదంలోని గ్రంథుల నుంచి ప్రోటీన్లు ద్రవరూపంలో గాడిలోకి వస్తాయి. అచ్చులో పోసినట్టు అవి కొన్ని నిమిషాల్లోనే గట్టిపడి దారంగా మారతాయి. దారం చివర చిన్న బిళ్ల ఏర్పడి రాయికి అతుక్కుంటుంది. తర్వాత పాదం పక్కకు జరిగి మరో దారం వేస్తుంది. ఈ దారాల కట్ట పేరు బైసస్.

తడి గోడకు మనం కాగితం అతికిస్తే నిలవదు. మధ్యలో నీటి పొర అడ్డుపడుతుంది. మరి మస్సెల్ జిగురు ఎలా నిలుస్తుంది? అందులో డోపా అనే అమైనో ఆమ్లం ఉందని 1981లో హెర్బర్ట్ వెయిట్, మార్విన్ టాంజర్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. తడి రాయిని కూడా పట్టుకునే శక్తి ఆ జిగురుకు రావడానికి డోపా ఒక ముఖ్య కారణం. ఇక దారంలో రాయివైపు భాగం బిరుసుగా, శరీరంవైపు భాగం సాగేలా ఉంటుంది. అందుకే అల లాగినా దారం సులభంగా తెగదు.

కేరళ రైతులు ఈ గుణాన్ని వాడుకుంటారు. మస్సెల్ పిల్లలను తాడు చుట్టూ పేర్చి, పలుచని నూలు గుడ్డ చుట్టి నీటిలో వేలాడదీస్తారు. కొద్ది రోజుల్లో గుడ్డ కుళ్లిపోతుంది. అప్పటికే పిల్లలు తమ దారాలతో తాడును పట్టుకుని ఉంటాయి. అదే పట్టు కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రానికి ఇబ్బంది. యంత్రాలను చల్లబరిచే సముద్రపు నీటి మార్గాల్లో ఇవి పేరుకుంటాయి. వాటిని అదుపు చేయడానికి నీటిలో క్లోరిన్ కలుపుతారు.

ఇంకో వింత ఉంది. ఉన్న చోటు అనుకూలంగా లేకపోతే మస్సెల్ దారాల కట్టను అక్కడే వదిలేసి, పాదంతో మెల్లగా కదిలి, వేరే చోట కొత్త దారాలు వేసుకోగలదు. పాత దారాలు వెంట రావు. వాటిని తయారు చేసే పాదం మాత్రం వెంటే ఉంటుంది.

నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా బడి మారే మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. కొత్త తరగతిలో మొదటి రోజే అందరూ స్నేహితులైపోరు. మస్సెల్ కూడా దారాలన్నీ ఒకేసారి వేయదు, ఒక్కొక్కటిగా వేస్తుంది. మనమూ అలాగే ఒక పలకరింపుతో మొదలుపెడదాం.