ఊరంతా వార్డే: కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌లో కెరీర్

నర్సు ఉద్యోగం అనగానే ఐసీయూ, నైట్ డ్యూటీ, కార్పొరేట్ ఆసుపత్రి గుర్తొస్తాయి. అందుకే కాలేజీల్లో చాలామంది కమ్యూనిటీ పోస్టింగ్‌ను ఎలాగోలా గడిపేయాల్సిన రోజులుగా చూస్తారు. అది పొరపాటు. నర్సు సొంతంగా ఆలోచించి, సొంత బాధ్యత మీద పనిచేసే వీలు ఎక్కువగా ఉండేది అక్కడే.

ఈ వృత్తికి పునాది 1859లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పడింది. తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సును విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి పేదల ఇళ్లలో సేవకు నియమించాడు. 1893లో న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్ అనే నర్సు వలస కుటుంబాల వాడలోనే కాపురముండి పనిచేయడం మొదలుపెట్టింది. ‘పబ్లిక్ హెల్త్ నర్సు’ అన్న పేరు ఆమె పెట్టిందే. ఆ నగరంలో గజ్జి, కళ్ల జబ్బులున్న పిల్లల్ని బడి నుంచి ఇంటికి పంపేసేవారు, తర్వాత పట్టించుకునేవారు లేరు. వాల్డ్ చొరవతో 1902లో లీనా రోజర్స్ అనే నర్సు బడుల్లోకి వచ్చింది. అక్కడే మందు పూసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పింది. పిల్లలు మళ్లీ తరగతుల్లో కనిపించారు.

ఇప్పటికీ పని అదే. ఇంటికెళ్లిన నర్సు ముందు న్యూస్‌పేపర్ పరిచి దాని మీద బ్యాగు పెడుతుంది. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే లోపలి పరికరాలు తీస్తుంది. వాడినవాటిని శుభ్రం చేశాకే తిరిగి సర్దుతుంది. ఒక ఇంటి జబ్బు తన బ్యాగు వెంట ఇంకో ఇంటికి పోకూడదు. ఈలోగానే నీళ్ల బిందె మీద మూత ఉందో లేదో, గర్భిణి దగ్గర ఐరన్ మాత్రలు ఎన్ని మిగిలాయో గమనిస్తుంది. మాత్రలు మిగిలితే కోప్పడదు, ఎందుకు మానేశావని అడుగుతుంది. కడుపులో తిప్పుతోందంటే అన్నం తిన్నాక వేసుకోమని, టీతో మాత్రం వద్దని చెబుతుంది.

మన దేశంలో మైదాన ప్రాంతంలో 5,000, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. ఊళ్లో అందరూ నర్సమ్మ అని పిలుచుకునే ఏఎన్ఎం పనిచేసేది ఇక్కడే. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక ఉపకేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులు ఏర్పడ్డాయి. తెలుగు రాష్ట్రాల్లో వీళ్లను ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అంటున్నారు. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు, క్యాన్సర్ స్క్రీనింగ్, ఈ-సంజీవని టెలీమెడిసిన్ ద్వారా డాక్టరుతో మాట్లాడించడం వీరి బాధ్యతలు.

ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల కోర్సు. మూడింటికీ ఇంటర్ ఉండాలి, బీఎస్సీకి బైపీసీ దారి. జీఎన్ఎం చేసినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. ఎమ్మెస్సీలో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌ను స్పెషలైజేషన్‌గా తీసుకుంటే కాలేజీల్లో బోధన వైపు వెళ్లొచ్చు.

ఉపకేంద్రాల్లోని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులు చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉన్నాయి. కాబట్టి దరఖాస్తుకు ముందే జీతం, ఇన్సెంటివ్, పనిచేయాల్సిన ఊరు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఇక కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఉన్న విద్యార్థులు టీకాల రోజున నర్సమ్మ పక్కనే నిలబడి వ్యాక్సిన్ క్యారియర్ సర్దడం, ఐస్ ప్యాకులు పెట్టడం, రిజిస్టర్ రాయడం సొంత చేత్తో నేర్చుకోవాలి.