చుక్క పడితే వాక్యం తెగుతోంది!

మహబూబాబాద్ పాఠకురాలొకరు భూమి కాగితాలను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మారుస్తుంటారు. ఒమేగాటీ అనే అనువాద సాఫ్ట్‌వేర్ వాక్యాలను ముక్కలు చేస్తోందనీ, హెచ్చరికలతో విసుగెత్తిందనీ, అన్నీ ఆపేయొచ్చా అనీ ఆమె ప్రశ్న.

ఆ విసుగు న్యాయమైనదే. చుక్క, దాని తర్వాత ఖాళీ కనిపిస్తే వాక్యం అయిపోయినట్టే అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న నియమం. అందుకే ‘సర్వే నం. 142లో 2 ఎ. 15 గు. భూమికి రూ. 1,50,000’ అన్న ఒక్క మాట అయిదు ముక్కలవుతుంది.

మందు సెట్టింగుల్లోని సెగ్మెంటేషన్ దగ్గరే ఉంది. తెలుగుకు వేరే నియమాల వరుస చేర్చి, దాన్ని పైకి జరిపి, ‘నం.’, ‘ఎ.’, ‘గు.’, ‘రూ.’లను మినహాయింపులుగా రాయాలి. ఒక్క జాగ్రత్త: ‘నం.’, ‘గు.’ల ముందు ఖాళీని కూడా నియమంలో కలపాలి. లేకుంటే ‘తెలుగు.’ అని ముగిసే వాక్యం పక్క వాక్యానికి అతుక్కుపోతుంది! పని మొదలుపెట్టకముందే ఇది చేసుకోవాలి. మధ్యలో మారిస్తే అప్పటికే చేసిన అనువాదాలు కొత్త ముక్కలకు సరిపోవు.

ఈ కాగితాల్లో వచ్చే ఊళ్ల, జిల్లాల పేర్లకు పదకోశం ఒక్కటే దారి. జనగామ ఇంగ్లీషులో ‘జన్‌గావ్’ అవుతుంది. భూపాలపల్లి జిల్లా పేరు ముందు జయశంకర్ ఉండాలి. యంత్రానికి ఇవి వదిలేయకూడదు.

ఇక హెచ్చరికలు. లక్షన్నరను 1,50,000 అని రాసినా 150,000 అని రాసినా విలువ ఒకటే. కామా గురించిన హెచ్చరికను దాటేయొచ్చు. అంకె తేడా ఉందన్న హెచ్చరికను మాత్రం ఎన్నడూ ఆపొద్దు. ఎకరానికి 40 గుంటలు; 15 కాస్తా 51 అయితే నష్టపోయేది రైతు.