స్టీరింగ్‌లో లూజు లేదు, మరి బండి ఎందుకు ఊగుతోంది?

సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్తున్నాం. బండి మా పెదనాన్న కొడుకుది, మారుతి జిప్సీ. రెండు నెలల క్రితం దానికి 'లిఫ్ట్' చేయించాడు. అంటే సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించాడు. గుట్టల్లో, మట్టి దారుల్లో బండి బ్రహ్మాండంగా ఉంది. హైవే ఎక్కి 80 దాటాక మాత్రం అన్నయ్య చేతులు ఒక్క క్షణం ఊరుకోలేదు. కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, మళ్ళీ ఎడమకి. బండి తిన్నగా పోవాలంటే దిద్దుతూనే ఉండాలి. నకిరేకల్ దగ్గర ఒక లారీ మమ్మల్ని దాటి వెళ్తే ఆ గాలికి బండి పక్క లేన్‌లోకి జరిగిపోయింది. వెనక సీట్లో ఉన్న పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. ముందు కూర్చున్న నా భుజం మాత్రం గట్టిగా పట్టుకుంది.

అప్పటికే అన్నయ్య ఈ 'స్టీరింగ్ లూజు' కోసం ముగ్గురు మెకానిక్కుల దగ్గర తిరిగాడు. ఒకరు స్టీరింగ్ డ్యాంపర్ మార్చారు. ఇంకొకరు టై రాడ్ ఎండ్లు కొత్తవి వేశారు. మూడో ఆయన స్టీరింగ్ బాక్స్ మీదుండే స్క్రూ బిగించాడు, దాంతో స్టీరింగ్ బరువెక్కింది తప్ప ఊగడం తగ్గలేదు, పైగా పెరిగింది. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ ఎక్కడుందో చూడకుండా కనిపించిన ప్రతి ఫైలూ ఎడిట్ చేశారన్నమాట. నేను సీఎస్ఈ వాణ్ణి, మెకానికల్ మిత్రులు తప్పులుంటే క్షమించాలి. కానీ ఈ సమస్యని నేను పట్టుకున్న దారి మాత్రం మన ల్యాబ్‌లో రోజూ చేసేదే. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ పనిచేయట్లేదంటే, ముందు అడగాల్సిన ప్రశ్న 'ఏం పాడైంది?' కాదు, 'ఏం మారింది?'

మారింది ఏమిటో చూద్దాం. జిప్సీకి ముందూ వెనకా ఒకే అడ్డ కడ్డీలాంటి గట్టి యాక్సిల్ ఉంటుంది. దాన్ని లీఫ్ స్ప్రింగులు మోస్తాయి, లారీ మెకానిక్కులు కమాన్ పట్టీలు అంటారే అవి. ముందు చక్రాల దగ్గర ఆ పట్టీ వెనక కొసని ఛాసిస్‌కి నేరుగా బిగిస్తారు. ముందు కొసని మాత్రం ఊగే ఒక చిన్న లింకుకి తగిలిస్తారు, దాని పేరు షాకిల్. పట్టీ వంగినప్పుడు, సాగినప్పుడు పొడవు మారుతుంది కాబట్టి ఒక కొస కదలాలి కదా, అందుకు. అన్నయ్య బండికి చేసిన లిఫ్ట్ అంతా ఈ షాకిల్‌లోనే ఉంది. పాతవి తీసేసి 5 సెంటీమీటర్లు పొడవెక్కువ ఉన్నవి వేశారు. తక్కువ ఖర్చులో అయ్యే పని, ఒక పూటలో అయిపోతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. షాకిల్ 5 సెంటీమీటర్లు పెరిగితే బండి అంత ఎత్తు పెరగదు. పట్టీకి ఒక కొస మాత్రమే కిందికి దిగింది, యాక్సిల్ ఉండేది ఇంచుమించు మధ్యలో. కాబట్టి దొరికే ఎత్తు అందులో సగం, అంటే సుమారు 2.5 సెంటీమీటర్లు. మిగతా సగం ఎక్కడికి పోయింది? కోణంలోకి పోయింది. ముందు కొస దిగి వెనక కొస అక్కడే ఉంటే పట్టీ మొత్తం ముందుకి వాలుతుంది, దానికి బిగించిన యాక్సిల్ కూడా దాంతోపాటే ముందుకి తిరుగుతుంది. లెక్క సులువుగా ఉండటానికి పట్టీ రెండు కొసల మధ్య దూరం మీటరు అనుకుందాం. 100కి 5 దిగింది. టాన్ ఇన్వర్స్ 0.05, అంటే 2.86 డిగ్రీలు.

మూడు డిగ్రీలంటే పెద్ద విషయంగా అనిపించదు. కానీ ఈ కోణానికే క్యాస్టర్ అని పేరు, హైవే మీద బండి తిన్నగా పోవడం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

క్యాస్టర్ అర్థం కావాలంటే సైకిల్‌ని పక్క నుంచి చూడండి. హ్యాండిల్ తిరిగే ఇరుసు నిట్టనిలువుగా ఉండదు, పైభాగం మన వైపుకి వాలి ఉంటుంది. ఆ వాలు గీతని అలాగే కిందికి పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటుకి కొంచెం ముందు నేలని తాకుతుంది. అంటే టైరు ఎప్పుడూ తన ఇరుసుకి వెనక నడుస్తుంటుంది. మన కంప్యూటర్ ల్యాబ్‌లో కుర్చీల కింద ఉండే చక్రాలు గమనించండి. కుర్చీని ఎటు నెట్టినా చక్రాలు గిర్రున తిరిగి వెనక వరసలోకి వచ్చేస్తాయి. అక్కడ ఇరుసు వాలి ఉండదు, చక్రాన్నే వెనక్కి జరిపి బిగిస్తారు, అయినా సూత్రం ఇదే. కారు చక్రం కూడా అంతే. తిప్పి వదిలేస్తే నేల దాన్ని వెనక్కి లాగి తిన్నగా నిలబెడుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతట అది మధ్యకి వచ్చేది అందుకే.

ఇలాంటి జీపుల్లో క్యాస్టర్ మామూలుగా మూడు, నాలుగు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అందులోంచి 2.86 తీసేయండి. మిగిలింది అర డిగ్రీయో, ఒక డిగ్రీయో. ఇప్పుడు చక్రానికి 'తిన్నగా' అనే చోటు అంటూ ఏదీ లేదు. గాలి తోస్తే తోసిన వైపు పోతుంది, రోడ్డు వాలితే వాలిన వైపు పోతుంది. డ్రైవర్‌కి చేతిలో ఇది అచ్చం లూజులాగే తెలుస్తుంది. కానీ ఎక్కడా ఏ నట్టూ వదులుగా లేదు. వదులు కానిదాన్ని బిగిస్తే ఏమవుతుందో మూడో మెకానిక్ చూపించాడు. బాక్స్‌లో పళ్ళు మరీ బిగుసుకుపోయి, చక్రానికి మధ్యకి రావాలని ఉన్న ఆ కాస్త బలమూ సరిపోకుండా పోయింది.

సూర్యాపేటలో పెదనాన్నకి తెలిసిన ఒక పెద్దాయన లారీలకి కమాన్ పట్టీల పని చేస్తారు. ఆయన బండి ఒక రౌండు నడిపి వచ్చి, "లూజు కాదు బాబూ ఇది. తిప్పితే తిప్పినట్టే ఉండిపోతోంది, తిరిగి రావట్లేదు" అన్నారు. ఒక్క వాక్యం. మేం రెండు నెలలుగా కలిపేసి చూస్తున్న రెండు సమస్యల్ని ఆయన విడదీసేశారు.

లూజుకీ, తిరిగి రాకపోవడానికీ తేడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బండి నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ని కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు కింద టార్చి వేసి చూడాలి. స్టీరింగ్ బాక్స్ చెయ్యి కదిలిన వెంటనే దానికి తగిలించిన అడ్డ రాడ్డు కదలాలి, వెంటనే చక్రం కదలాలి. ఎక్కడైనా ముందుది కదిలి తర్వాతది ఆలస్యంగా కదిలితే అక్కడ నిజంగానే లూజు ఉంది. బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టుల్ని కూడా చూడాలి, బాక్సే ఊగితే ఇక చెప్పేదేముంది. తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. టకటకమంటే వీల్ బేరింగో, కింగ్‌పిన్ బేరింగో అరిగినట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్ పెట్టాల్సిందే. మా బండిలో ఇవన్నీ బాగున్నాయి. రాడ్ ఎండ్లు కొత్తవే కదా మరి!

దీనికంటే ముందు చూడాల్సినది, ఖర్చు లేనిది ఇంకొకటి ఉంది, టైర్లలో గాలి. ఇసుకలో, బురదలో పట్టు కోసం గాలి సగానికి తగ్గిస్తారు. తిరిగొచ్చాక నింపడం మర్చిపోతే ఏ బండైనా హైవే మీద ఈదుతుంది. మేం చూసుకున్నాం, అది కూడా సరిగ్గానే ఉంది.

ఇక అసలు ఆధారం. డాష్‌బోర్డ్ అరలో అన్నయ్య మడిచి పెట్టుకున్న వీల్ అలైన్‌మెంట్ కాగితం దొరికింది. లిఫ్ట్ చేసిన వారానికే చేయించాడట. టో సరిగ్గా ఉంది, పచ్చ రంగులో. దాని పైనే క్యాస్టర్, ఎడమ 0.7, కుడి 0.5, ఎర్ర రంగులో! అన్నయ్య అప్పుడే అడిగితే, "ఈ బండికి అది అడ్జస్ట్ అవ్వదు సార్, వదిలేయండి" అన్నారట. అన్నది నిజమే, గట్టి యాక్సిల్ బండికి క్యాస్టర్ మార్చే బోల్టు ఏదీ ఉండదు. కానీ 'అడ్జస్ట్ అవ్వదు' అంటే 'పర్వాలేదు' అని కాదు కదా. రెండు నెలలు, మూడు బిల్లులు, జవాబు మాత్రం మొదటి వారం నుంచీ బండిలోనే ఉంది. వార్నింగులు చదవకుండా రన్ కొట్టే మనకి అన్నయ్యని అనే హక్కు లేదనుకోండి.

మందు ఒక ఇనప చీలిక. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉండే పలక. దాన్ని పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టి బిగిస్తే యాక్సిల్ వెనక్కి తిరుగుతుంది. ఏ వైపు మందం రావాలన్నది మాత్రం ఆలోచించి పెట్టాలి. జిప్సీకి కంపెనీ నుంచి పట్టీ యాక్సిల్ కింద ఉంటుంది. కాబట్టి మందం ముందుకి ఉంటే యాక్సిల్ ముందు భాగం లేస్తుంది, ఇరుసు పైభాగం వెనక్కి వాలుతుంది, క్యాస్టర్ పెరుగుతుంది. పట్టీని యాక్సిల్ పైకి మార్చిన బండ్లలో ఇది తిరగబడుతుంది. తిరగేసి పెడితే ఉన్న అర డిగ్రీ కూడా పోతుంది. అల్యూమినియం చీలికలు చవక, కానీ దెబ్బలకి పగిలి జారిపోతాయి, ముందు యాక్సిల్‌కి ఇనపవే వేయించాలని పెద్దాయన పట్టుబట్టారు. మూడు డిగ్రీలవి వేశారు.

దీనికి ఒక వెల ఉంది. ముందు డిఫరెన్షియల్ మూతి వెనక్కి, గేర్‌బాక్స్ వైపు చూస్తుంటుంది. యాక్సిల్‌ని వెనక్కి తిప్పితే ఆ మూతి కిందికి దిగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు ఎక్కువ వంగుతుంది. ఫోర్ వీల్ వేసినప్పుడు వణుకు రావచ్చు. ఫ్రీ వీల్ హబ్బులున్న బండిలో హైవే మీద వాటిని వదిలేస్తే ముందు షాఫ్ట్ తిరగదు కాబట్టి ఆ వణుకు ఉండదు. పవర్ స్టీరింగ్ లేని బండిలో పార్కింగ్ చేసేటప్పుడు ఇంకాస్త బరువు కూడా తెలుస్తుంది. అందుకే ఎక్కువైతే మంచిదే కదా అని ఆరు, ఎనిమిది డిగ్రీలవి వేసెయ్యకూడదు.

షాకిల్ కాకుండా ఎక్కువ వంపున్న కొత్త పట్టీలతో లిఫ్ట్ చేస్తే క్యాస్టర్ పెద్దగా పోదు, రెండు కొసలూ సమానంగా దిగుతాయి కాబట్టి. కానీ ఎత్తు బాగా పెరిగినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌తో పాటు పైకి పోతుంది, చక్రాలు కిందే ఉంటాయి, మధ్యలో అడ్డ రాడ్డు ఏటవాలు అవుతుంది. రాడ్డు 80 సెంటీమీటర్లు అనుకుందాం. అది సమంగా ఉన్నప్పుడు యాక్సిల్ 3 సెంటీమీటర్లు ఎగిరితే, పైథాగరస్ ప్రకారం రాడ్డు కొస అడ్డంగా జరిగేది అర మిల్లీమీటరుకి కాస్త పైన. అదే రాడ్డు ముందే 10 సెంటీమీటర్లు వాలి ఉండి, యాక్సిల్ ఇంకో 3 సెంటీమీటర్లు దిగితే, జరిగేది 4 మిల్లీమీటర్లకి పైనే. ఎవరూ స్టీరింగ్ తిప్పకుండానే ప్రతి గతుకూ చక్రాన్ని తిప్పుతుందన్నమాట. దీన్ని బంప్ స్టీర్ అంటారు. దీనికి చీలికలు పనిచేయవు, రాడ్డుని మళ్ళీ సమంగా తెచ్చే పని చేయించాలి.

కొంచెం లిఫ్ట్‌కే జరిగే ఇంకొకటి కూడా చెప్పాలి. రాడ్డు వాలితే స్టీరింగ్ చక్రం మధ్య నుంచి పక్కకి తిరిగిపోతుంది. చాలామంది స్టీరింగ్‌ని ఊడదీసి తిన్నగా పెట్టేస్తారు. అది తప్పు. బాక్స్ లోపలి పళ్ళు సరిగ్గా మధ్యలోనే బిగువుగా కలుస్తాయి, పక్కలకి పోతే వదులు ఎక్కువ. రాడ్డు పొడవు సర్ది బాక్స్‌ని మధ్యకి తేవాలి. మాకు పెద్దాయన అదీ చేశారు, మూడో మెకానిక్ బిగించిన స్క్రూ కూడా వదిలారు.

చెప్పకుండా వదిలేస్తే బాగోదు కాబట్టి ఇది కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి హద్దులున్నాయి, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా పేచీ రావచ్చు. ఈ సంగతి పెదనాన్న ముందు ఎత్తినందుకు అన్నయ్య నాతో ఒక పూట మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ అలైన్‌మెంట్ చేయించాం. ఎడమ 3.6, కుడి 3.4. హైవే మీద అన్నయ్య కాసేపు చేతులు బిగించే పట్టుకున్నాడు, అలవాటైపోయింది మరి. చిట్యాల దాటాక ఒక బస్సు పక్క నుంచి దూసుకుపోయింది. బండి కొంచెం కదిలి, దానంతట అదే సర్దుకుంది. పెద్దమ్మ వెనక నిద్రపోతోంది. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలని పెద్దాయన చెప్పారు, కొత్త చీలిక కుదురుకునే కొద్దీ అవి వదులవుతాయట. ఈసారి నిజంగానే లూజు వచ్చే చోటు అది. అన్నయ్య మర్చిపోతాడని రిమైండర్ నా ఫోన్‌లో పెట్టుకున్నాను.