గుడ్డులో గుడ్డు: పుబ్బ కార్తెలో వరికి కాపలా

1979లో వచ్చిన ‘ఏలియన్’ అనే ఇంగ్లీషు సినిమాలో ఒక గ్రహాంతర జీవి ఉంది. పిల్లను కనాలంటే దానికి ఇంకొకరి ఒళ్లు కావాలి. గుడ్డు పైభాగం రేకులుగా విచ్చుకుంటుంది. అందులోంచి ఎనిమిది వేళ్ల జీవి ఒకటి ఎగిరి మనిషి ముఖాన్ని కరుచుకుంటుంది. చంపదు, పైగా ఊపిరి ఆడేలా చూస్తుంది. ఆ మాటున గొంతులోంచి పిండాన్ని లోపలికి దించి, పని కాగానే తానే రాలిపోయి చస్తుంది. మనిషి తేరుకుంటాడు, ఆకలి అంటాడు, తోటివాళ్లతో భోజనానికి కూర్చుంటాడు. అప్పుడు అతని రొమ్ము చీల్చుకుని పిల్ల బయటపడుతుంది. కొన్ని గంటల్లోనే మనిషెత్తు దాటిపోతుంది.

రిడ్లీ స్కాట్ తీసిన ఆ సినిమాకు కథ రాసినవాళ్లలో ఒకడైన డాన్ ఓబానన్‌కు ఈ ఊహ రావడానికి భూమ్మీది కందిరీగలే కారణమని చెబుతారు. ఇంకో ప్రాణి ఒంట్లో గుడ్డు పెట్టి, దాన్ని లోపలినుంచి తినేసి బయటికొచ్చే చిన్న కందిరీగలు ఎన్నో ఉన్నాయి. వ్యవసాయ శాఖ వాళ్లు వాటిని బదనికలు అంటారు. సినిమా హాల్లో జనం జడుసుకున్నారు గానీ, వరి వేసిన రైతు జడుసుకోనక్కర్లేదు. ఈ రాక్షసి అతని పక్షానే ఉంది.

మఖ దాటి పుబ్బలోకి వచ్చేసరికి నాట్లు పూర్తయిన మడులు పిలకలు తొడుగుతుంటాయి. కాండం తొలుచు పురుగు రంగంలోకి దిగేదీ అప్పుడే. పసుపు రంగు తల్లి పురుగు ఆకు కొన దగ్గర గుంపుగా గుడ్లు పెట్టి, వాటిమీద గోధుమ రంగు నూగు కప్పిపోతుంది. వారం తిరిగేసరికి పిల్ల పురుగులు పొదిగి కాండంలోకి దూరతాయి. ఒకసారి దూరాక పైన కొట్టిన మందు వాటిని అంటదు. పిలక దశలో మొవ్వు ఎండిపోతుంది, ఈనిక దశలో తెల్లకంకి వస్తుంది. అంటే ఈ పురుగును పట్టుకోవలసింది గుడ్డుగా ఉన్నప్పుడే. ఆ పని మనిషికంటే ట్రైకోగ్రామా జపానికం అనే బదనిక బాగా చేస్తుంది.

దీని ఒళ్లు మిల్లీమీటరు కూడా ఉండదు. కళ్లజోడు పెట్టుకున్నా నలుసులాగే కనిపిస్తుంది. తల్లి పురుగు గుడ్లు పెట్టేటప్పుడు రాలిన రెక్కల పొలుసుల వాసన పట్టుకుని గుడ్ల దగ్గరికి చేరుతుంది. గుడ్డు మీద నడిచి, మీసాలతో తట్టి చూసి, మంచిదనిపిస్తే తన ముల్లు గుచ్చి లోపల గుడ్డు పెడుతుంది. లోపల పొదిగిన పిల్ల ఆ గుడ్డులోని సారమంతా తాగేస్తుంది. మూడు నాలుగు రోజులకు గుడ్డు నల్లబడుతుంది. సుమారు ఎనిమిదో రోజుకు పెంకుకు గుండ్రటి కన్నం కొరికి పిల్ల పురుగుకు బదులు కందిరీగ బయటికొస్తుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడదవుతుంది, జరగనిది మగదవుతుంది. అంటే జత దొరకని ఆడది కూడా పిల్లల్ని కనగలదు గానీ అన్నీ మగవే. బతికే నాలుగైదు రోజుల్లో ఒక్కో ఆడది పదుల కొద్దీ గుడ్లను పాడుచేస్తుంది.

ఏలియన్ వరుసలో 1992లో వచ్చిన మూడో సినిమాలో ఆ గ్రహాంతర జీవి కుక్కలోంచి పుట్టి నాలుగు కాళ్ల మీద పరిగెత్తింది. ఆశ్రయమిచ్చిన ఒంటిని బట్టి పుట్టేది మారడం పూర్తిగా కల్పన కాదు. ట్రైకోగ్రామా పెద్ద గుడ్డులో పెరిగితే పెద్దదిగా, చిన్న గుడ్డులో పెరిగితే చిన్నదిగా పుడుతుంది. గుడ్డు మరీ పెద్దదైతే ఒకే పెంకులోంచి ఒకటికి మించి కందిరీగలు వస్తాయి. సినిమా తప్పిందల్లా ఒకచోట. మనిషైనా కుక్కైనా పట్టింపు లేకుండా పట్టుకునే పరాన్నజీవి కథకే చెల్లుతుంది. పొలంలో ప్రతి బదనికకూ తనకు తగిన జాతులంటూ ఉంటాయి. ట్రైకోగ్రామా మనిషిని కుట్టదు, పశువును ముట్టదు, పైరును కొరకదు.

ఇక ట్రైకోగ్రామాను పొలానికి చేర్చే కార్డుల సంగతి. ప్రయోగశాలలో బియ్యపు పురుగు గుడ్లను అట్టకు అంటించి, అవి పొదగకుండా అతినీలలోహిత కాంతిలో ఉంచి, ఆపైన ట్రైకోగ్రామాను వాటిమీదికి వదులుతారు. అలా తయారైన కార్డు ఒక్కోదాని మీద దాదాపు 20,000 గుడ్లు ఉంటాయి. వరికి విడతకు ఎకరానికి 40,000 అంటే రెండు కార్డులు కావాలి. నాటిన నెల నుంచి వారానికోసారి చొప్పున ఐదారు విడతలు వదలాలి. రెండు కార్డులనూ నలభై ముక్కలు చేసి, అటూ ఇటూ పది మీటర్లకొకటి చొప్పున ఆకు అడుగున పిన్ను కొడితే ఎకరమంతా అందుతుంది. ఈ కందిరీగ బలమైన ఎగురుడు పురుగు కాదు, అందుకే అన్ని చోట్ల పెట్టాలి. గట్టు మీద ఒకేచోట కార్డు కట్టేసి వచ్చేవాళ్లున్నారు. దానివల్ల గట్టుకే మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది పొలంలో కాదు, దారిలో. బండి డిక్కీలో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఊరికి తెస్తే, పొలం చేరేసరికి లోపలున్నవి ఉడికిపోతాయి. కార్డు మీద కందిరీగలు బయటికొచ్చే తేదీ రాసి ఉంటుంది. దానికి ఒక రోజు ముందు, ఉదయం పూటో సాయంత్రమో పెట్టాలి. వాన పడేలా ఉంటే ఒకట్రెండు రోజులు ఆగొచ్చు. పది డిగ్రీల చల్లదనంలో దాచితే పుట్టుక కొంత వాయిదా పడుతుంది. అంతేగానీ మంచు పెట్టెలో పెట్టకూడదు. చీమలున్న గట్ల పక్కన కట్టకూడదు. పురుగుమందుకూ కార్డుకూ మధ్య కనీసం వారం ఎడముండాలి.

మందే వద్దని ఎవరూ చెప్పరు. చదరపు మీటరుకు ఒక గుడ్ల గుంపుగానీ ఒక తల్లి పురుగుగానీ కనిపించినా, నూటికి ఐదు మొవ్వులు చచ్చినా కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు ఎకరాకు 8 కిలోలు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4జి గుళికలు 4 కిలోలు పలచగా నీరున్న మడిలో చల్లాలి. ఆ హద్దు దాటక ముందే భయపడి సింథటిక్ పైరిత్రాయిడ్ కొట్టడమే అసలు ముప్పు. మిత్రపురుగులు పోతాయి, వెనకే సుడిదోమ పెచ్చుమీరుతుంది. దోమపోటు తగిలిన మడి చుట్టూ తిరిగే రైతుకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒక పరీక్ష ఇంటి దగ్గరే చేసి చూడవచ్చు. మడిలో పది పన్నెండు చోట్ల కాండం తొలుచు పురుగు గుడ్లున్న ఆకు కొనలు తుంచి, మూతి మీద పలచటి గుడ్డ కట్టిన సీసాలో వేసి నీడన పెట్టాలి. వారం పది రోజుల్లో సన్నటి పిల్ల పురుగులు ఎక్కువ కనిపిస్తే మడిలో మిత్రులు తక్కువ. నలుసులాంటి కందిరీగలు ఎగురుతుంటే పైరుకు కాపలా ఉన్నట్టే, సీసా గుడ్డ విప్పి వాటిని మళ్లీ మడిలోకి వదలాలి. మందుల దుకాణానికి వెళ్లే ముందు ఈ సీసా చూడటం మంచిది.

మొక్కజొన్నలో ఆట వేరు. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు గుడ్లను అరలు అరలుగా పేర్చి, పైన నూగు కప్పుతుంది. ట్రైకోగ్రామాకు పైపొర మాత్రమే అందుతుంది. టెలినోమస్ రెమస్ అనే నల్లటి బదనిక లోపొరలకూ చొచ్చుకుపోతుంది. గుడ్డు దాటి పురుగైపోతే కొటీసియా జాతి కందిరీగలు పట్టుకుంటాయి. వాటిలో కొటీసియా ఫ్లావిపెస్, కాండం తొలిచే పురుగు చేసిన కన్నంలోకి దూరి మరీ దాని ఒంట్లో గుడ్లు పెడుతుంది. పురుగు ఒంట్లోని రక్షణ కణాలు ఆ గుడ్లను చుట్టుముట్టి చంపాలి కదా. అలా జరగకుండా గుడ్లతోపాటే ఒక వైరస్‌నూ ఎక్కిస్తుంది. ఆ వైరస్ కందిరీగ జన్యువుల్లోనే కలిసిపోయి తరతరాలుగా దాంతోనే ఉంటోంది. సినిమా రచయితకు తట్టని ఉపాయమిది. పురుగు మాత్రం తింటూ తిరుగుతూ ఉంటుంది, రోజులు గడిచాక చర్మం చీల్చుకుని పిల్లలు వరుసగా బయటికొచ్చి పక్కనే తెల్లటి గూళ్లు అల్లుకుంటాయి. మొక్కజొన్న కాండాన్ని చీల్చినప్పుడు లోపల తెల్లటి దూది ముద్ద కనిపిస్తే అది బూజు కాదు. దాన్ని పారేయకూడదు, నలపకూడదు, మళ్లీ చేలోనే వదలాలి.

బ్రెజిల్‌లో జరిగి 2008లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇంకా విచిత్రమైనది చూపించింది. గ్లిప్టాపాంటిలిస్ అనే కందిరీగ పిల్లలు బయటికొచ్చాక కూడా గొంగళి చావకుండా వాటి గూళ్ల దగ్గరే నిలబడి, దగ్గరికొచ్చే పురుగుల్ని తల ఊపి తరిమింది. కోపిడోసోమా అనే మరో జాతి ఒకే గుడ్డు పెడుతుంది. ఆ ఒక్కటీ గొంగళి ఒంట్లో చీలి చీలి వెయ్యికి పైగా కవలలవుతుంది, వాటిలో కొన్ని కాపలా కాయడానికే పుట్టి కందిరీగ కాకుండానే చస్తాయి.

పరదేశం నుంచి వచ్చిన పురుగుకు పరదేశం బదనికే మందు అన్నది మన దేశంలో రుజువైంది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనిపించి, బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని తెల్లగా మార్చేసింది. 2010లో బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ కీటక పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు జాతుల కందిరీగల్ని తెప్పించి, క్వారంటైన్‌లో పరీక్షించి వదిలింది. వాటిలో అసిరోఫాగస్ పపాయే అనేది పిండినల్లిని అదుపులోకి తెచ్చింది. కర్రపెండలం పిండినల్లి 2020లో కేరళలో కనిపించినప్పుడూ ఇదే దారి. బెనిన్ నుంచి తెచ్చిన అనగైరస్ లోపెజీని 2022లో తమిళనాడు సేలం ప్రాంతంలో వదిలారు. 1980లలో ఆఫ్రికాలో కర్రపెండలాన్ని కాపాడి, ఆ పని నడిపించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి తెచ్చిపెట్టిందీ ఇదే కందిరీగ. పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలం వేసేవాళ్లు కొనలు గుబురుగా ముడుచుకుపోయిన మొక్కలు కనబడితే ఉద్యాన శాఖకు వెంటనే చెప్పాలి.

కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలున్నవారు సర్పిలాకార తెల్లదోమను మరిచిపోకూడదు. వర్షాలు తగ్గి ఎండ పడే రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. 2016లో దేశంలోకి వచ్చిన ఈ దోమను ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక పట్టుకుంటోంది. దీన్ని ఎవరూ తెప్పించలేదు. ఆకు అడుగున తెల్లటి పిల్ల దోమల మధ్య నల్లగా మారినవి కనిపిస్తే వాటిలో ఎన్‌కార్సియా పెరుగుతున్నట్టు లెక్క. ఆ తోటలో రసాయన మందు కొట్టకూడదు. నల్లబడినవి ఎక్కువున్న ఆకు ముక్కల్ని కోసి, దోమ కొత్తగా పట్టిన తోటల్లో చెట్లకు కట్టాలి. ఆకుల మీద మసి తెగులు ఎక్కువైతే నీటిని గట్టిగా చిమ్మి కడగడం, పసుపు జిగురు అట్టలు కట్టడం వరకే సరిపెట్టాలి. ఆకు తినే నల్లతల పురుగు పట్టిన కొబ్బరికి బ్రాకాన్, గోనియోజస్ బదనికలు అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో తయారవుతాయి. ట్రైకో కార్డులైనా, ఇవైనా ప్రయోగశాలల్లో ముందు అడిగినవాళ్లకే అందుతాయి. కావలసిన తేదీకి పది పదిహేను రోజుల ముందే పేరు రాయించుకోవాలి.