చిన్న డీజిల్ ట్రాక్టరుకు ఇంజన్ ఆయిల్ ఎంపిక: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు కొన్ని సూచనలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. కట్టెల ఊతంతో పెంచే టమాటాలోను, మల్బరీ తోటల్లోను ఇక్కడ పెద్ద ట్రాక్టరుకు చోటు ఉండదు. మల్బరీని (90+150)×60 సెం.మీ. జంట సాళ్ల పద్ధతిలో నాటినప్పుడు 150 సెం.మీ. సందులో నడవగలిగేది 30 అశ్వశక్తి లోపు చిన్న డీజిల్ ట్రాక్టరే. దాని ఇంజన్ బోరు పనికి వచ్చిందంటే ఒక పంట ఆదాయం మరమ్మతుకే పోతుంది.

ఇంజన్ ఆయిల్ విషయంలో రైతుల్లో బలంగా నాటుకున్న నమ్మకం ఒకటి ఉంది: చిక్కని నూనె మంచిదని. బావులపై డీజిల్ పంపుసెట్లు నడిచిన రోజుల్లో ఎస్‌ఏఈ 30 లేదా 40 ఏకశ్రేణి నూనెలు వాడేవారు. ఆ అలవాటే ట్రాక్టరుకూ వచ్చింది. అవసరానికి మించి చిక్కనైన నూనె ఉదయం స్టార్టు చేయగానే బేరింగులకు, కవాటాల భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. ఫిల్టరు దాని ప్రవాహాన్ని తట్టుకోలేనపుడు బైపాస్ కవాటం తెరచుకొని, వడపోయని నూనె నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. అరుగుదలను తగ్గించడానికి పోసిన నూనే అరుగుదలకు కారణమవుతుంది.

15డబ్ల్యూ-40 అనే సంకేతంలో మొదటి అంకె చలిలో ప్రవహించే గుణాన్ని, రెండవది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధతను సూచిస్తుంది. ఎస్‌ఏఈ 40 నూనెకు ఆ వేడి వద్ద స్నిగ్ధత 12.5 నుండి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి. ఈ పీఠభూమిలో చలికాలపు తెల్లవారుజామున కూడా నీరు గడ్డకట్టేంత చలి ఉండదు కనుక 15డబ్ల్యూ, 20డబ్ల్యూ నూనెలు రెండూ ఇక్కడి వాతావరణానికి సరిపోతాయి. వీటిలో ఏది పోయాలో తయారీదారు పుస్తకమే నిర్ణయించాలి, దుకాణదారుడు కాదు.

స్నిగ్ధత కంటే తరచుగా విస్మరించబడేది ఏపీఐ శ్రేణి. డీజిల్ ఇంజన్ల నూనెలు ‘సి’ అక్షరంతో మొదలవుతాయి: సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4. సీఎఫ్-4 చెప్పిన ఇంజన్‌లో సీఐ-4 వాడవచ్చు, వెనుకకు దిగరాదు. ఎఫ్‌ఏ-4 పలుచని నూనె. పాత నమూనా ఇంజన్లకు అది తగదు. ‘ఎస్’ శ్రేణి మాత్రమే ఉన్న మోటారు సైకిల్ నూనె డీజిల్ మసిని మోయలేదు. నూనెలో మునిగి ఉండే బ్రేకులకు, హైడ్రాలిక్స్‌కు వాడే నూనె వేరు. రెండు డబ్బాలూ షెడ్డులో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు ఈ తేడాను డబ్బాలు చూపించి చెప్పడం మేలు.

అయితే, సరైన డబ్బా కొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. ఎర్ర నేలల్లో వేసవి దుక్కికి రోటవేటరు లేపే దుమ్ములో సిలికా రేణువులు ఉంటాయి. ఎయిర్ క్లీనర్ గొట్టంలో చిన్న పగులున్నా అవి సిలిండరు గోడలను గీస్తూ నూనెలో కలుస్తాయి. అప్పుడు ఎంత ఖరీదైన నూనె అయినా రక్షణ ఇవ్వదు.

చిన్న కమతాలది ఇంకొక సమస్య. అర ఎకరం మడిలో పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి ఆపేసే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. దహనంలో పుట్టిన తేమ, కాలని డీజిల్ సంపులోనే మిగిలి నూనెను ఆమ్లభరితం చేస్తాయి. పుస్తకం 250 గంటలు అన్నా, అన్ని గంటలు నిండని ట్రాక్టరుకు ఏడాదికొకసారి నూనె, ఫిల్టరు మార్చవలసిందే. యాంత్రిక అవర్ మీటరు ఇంజన్ చుట్లను బట్టి లెక్కిస్తుంది. తక్కువ వేగంతో స్ప్రేయరు నడిపినపుడు అది గడియారం కంటే వెనుకబడుతుందని విద్యార్థులు గమనించాలి. కొత్త ట్రాక్టరుకు తొలి మార్పు సాధారణంగా 50 గంటలకే ఉంటుంది.

నూనె నల్లబడటం చెడిపోయినట్లు కాదు, మసిని పట్టుకున్నట్లు. కాని డిప్‌స్టిక్‌పై మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంజెక్టరునో పంపునో పరీక్షించాలి. పాలవలె తెల్లబడితే నీరు చేరింది. మట్టం చూచునపుడు ట్రాక్టరు సమతల నేలపై ఉండాలి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు గడవాలి. గట్ల వాలు మీద నిలిపి చూసి నూనె ఎక్కువ పోయడం ఈ ప్రాంతంలో తేలికగా జరిగే పొరపాటు. అప్పుడు క్రాంకు నూనెను చిలికి నురుగు చేస్తుంది, పీడనం పడిపోతుంది.